ప్రెస్ కోసం వచ్చిన డబ్బు డ్రయ్యర్‌కు ఎందుకు వెళ్లింది: గుంటూరు స్క్రీన్ ప్రింటింగ్ షాపు కేసు

షాపు గుంటూరు అరండల్‌పేటలో ఒక అడ్డరోడ్డు మీద ఉంది. ముందు గది, వెనుక రేకుల షెడ్డు కలిపితే ఆరు వందల చదరపు అడుగులు. ఒకప్పుడు పెళ్లికార్డుల మీద బతికిన షాపు. కార్డుల పని కొంత ఆఫ్‌సెట్‌కు, కొంత వాట్సాప్‌కు పోయాక బట్టల దుకాణాల నాన్‌వోవెన్ సంచులు, స్టిక్కర్లు, ఆ తరువాత టీషర్టులు వచ్చాయి. ఇప్పుడు రాబడిలో మూడింట రెండు వంతులు టీషర్టులదే. ఇంజనీరింగ్ కాలేజీల ఫెస్టులు, స్కూళ్ల ఆటల పోటీలు, విత్తనాల కంపెనీల డీలర్ల సమావేశాలు వీళ్ల ఖాతాదారులు. ఆర్డరు సాధారణంగా 50 నుంచి 300 చొక్కాలు, ఒకటి నుంచి మూడు రంగులు, ఎక్కువగా ముదురు గుడ్డ మీద.

యజమాని నన్ను పిలిచేసరికే రెండు కొటేషన్లు తెప్పించి పెట్టుకున్నారు. ఒకటి ఆరు రంగుల, ఆరు స్టేషన్ల (చొక్కా పరిచే పలకల) చేతి ప్రెస్, పన్నుతో కలిపి 1,60,000 రూపాయలు. రెండోది రెండు హెడ్ల డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్, అంటే బొమ్మను ముందు ఫిల్ము మీద అచ్చువేసి తరువాత గుడ్డ మీద నొక్కే పద్ధతి) ప్రింటర్, 2,90,000. చేతిలో లక్షా డెబ్బై అయిదు వేలు, బ్యాంకు ఇస్తానన్నది మూడు లక్షలు. "రెండూ కొనేస్తే చిన్న ఆర్డరూ వదలక్కర్లేదు, పెద్ద ఆర్డరూ వదలక్కర్లేదు కదా సార్" అన్నది ఆయన లెక్క. కాగితం మీద అది సరిపోయినట్టే కనిపిస్తుంది. నేను తిరుప్పూరు యూనిట్లలో చాలాకాలం ప్రింటింగ్ ఫ్లోర్ చూసి, ఇప్పుడు కృష్ణా, గుంటూరు ప్రాంతంలోని చిన్న షాపులకు సెట్టింగులు చేసిపెడుతుంటాను. ఏ షాపులోనైనా కొటేషన్ చూడటానికి ముందు పని ఎక్కడ ఆగుతోందో చూడటం నా పద్ధతి. ఇక్కడా అదే చేశాం.

ఉన్న సామాను

నాలుగు రంగుల, రెండు స్టేషన్ల ప్రెస్ ఒకటి. మైక్రో రిజిస్ట్రేషన్ (రంగు మీద రంగు సరిగ్గా కూర్చునేలా సర్దే మరలు) లేదు, స్క్రీన్లను పట్టుకునే ప్రెస్ చేతుల దగ్గర బుష్‌లు అరిగి ఊగుతున్నాయి. చెక్క ఫ్రేములు నలభై దాకా ఉన్నాయి. బొమ్మను వెలుగుతో స్క్రీను మీదికి ఎక్కించడానికి అతినీలలోహిత ట్యూబులైట్లతో చేయించుకున్న ఎక్స్‌పోజింగ్ పెట్టె ఒకటి. అందులో పట్టని పెద్ద ఫ్రేములకు ఎండే గతి. మూడు కిలోవాట్ల ఫ్లాష్ డ్రయ్యర్ (చొక్కా మీది ఇంకును పైనుంచి కొన్ని సెకన్లు వేడిచేసేది) ఒకటి, హీట్ ప్రెస్ ఒకటి. ఈ షాపులో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న ప్రింటరు ఒకాయన ఉన్నారు, అందరూ బాబాయ్ అంటారు. ఆయన చెయ్యి బాగుంటుంది. ఆ చేతికి తగిన స్క్రీను ఒక్కటీ లేదు.

ఫ్రేముల మీద టెన్షన్ మీటర్ పెట్టి చూస్తే సెంటీమీటరుకు 8 నుంచి 11 న్యూటన్ల మధ్య వచ్చింది. టీషర్టు పనికి 20 నుంచి 25 ఉంటే హాయి. మెష్ (ఫ్రేముకు బిగించిన సన్న జాలీ గుడ్డ) వదులుగా ఉంటే ముద్ర వేసిన వెంటనే గుడ్డ నుంచి విడివడదు. విడివడటానికి స్క్రీనును ఎత్తులో పెట్టాలి. ఎత్తు పెరిగినకొద్దీ స్క్వీజీ (ఇంకును మెష్ గుండా నెట్టే రబ్బరు పట్టీ) లాగినప్పుడు మెష్ సాగి బొమ్మ జరుగుతుంది. తెలుపు మీద ఎరుపు పక్కకు పోవడానికి ప్రెస్‌నే నిందించడం ఈ వ్యాపారంలో అలవాటు. అసలు దోషి సగం సందర్భాల్లో చెక్క ఫ్రేమే.

గంట ఎక్కడ పోతోంది

షాపు ఆర్డర్ పుస్తకం ముందేసుకుని, కొన్ని పనుల దగ్గర నిలబడి గడియారం చూసి వేసిన లెక్క ఇది. నల్ల చొక్కా మీద అడుగున తెలుపు, పైన రెండు రంగులు. తెలుపు వేశాక ఫ్లాష్ కింద పది సెకన్లు పెట్టి ఇంకును జెల్ చేయాలి, లేకపోతే పై రంగు దానిలో కలిసిపోతుంది. మిగిలిన రంగులు పడ్డాక అదే చొక్కాను అదే ఫ్లాష్ కింద 45 సెకన్లు పెట్టి చివరి క్యూరింగ్ (ఇంకును పూర్తిగా గట్టిపరచడం) చేస్తున్నారు. చొక్కా మార్చడానికి, సర్దడానికి 15 సెకన్లు. అంటే ప్రతి చొక్కాకూ ఫ్లాష్ 70 సెకన్లు పట్టుబడి ఉంటోంది. గంటకు 3,600 సెకన్లు కాబట్టి ఏ ఆటంకమూ లేకపోయినా 51 చొక్కాలకు మించి రావు. కరెంటు పోవడం, ఇంకు తిరిగి నింపడం, ఫోను మాట్లాడటం కలిపితే నిజంగా వచ్చేవి 35.

ఈ ఒక్క అంకె కొటేషన్ల కట్టలో సగాన్ని పక్కన పెట్టేసింది. ఆరు స్టేషన్లు పెట్టినా, పన్నెండు పెట్టినా ఆ షాపులో గంటకు 51 చొక్కాలే బయటికి వస్తాయి. ప్రెస్ చుట్టూ తిరిగే చొక్కాలు పెరుగుతాయి, అన్నీ ఫ్లాష్ ముందు వరుస కడతాయి. యజమానికి ఈ లెక్క చూపించి, ముందు కన్వేయర్ డ్రయ్యర్ (కదిలే బెల్టు మీద చొక్కాలను వేడి గది గుండా పంపే యంత్రం) కొనమన్నప్పుడు ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఇంకో ఫ్లాష్ కొంటే సరిపోదా?" అని అడిగారు. సరైన ప్రశ్న. ఇరవై వేల లోపు పోయేదానికి రెండు లక్షలు ఎందుకు పెట్టాలి? దానికి జవాబు వేగంలో లేదు, పాడైన చొక్కాల సంచిలో ఉంది.

పాడైన చొక్కాల లెక్క

సంవత్సరం సగటు తీస్తే నెలకు 1,600 చొక్కాలు అచ్చవుతున్నాయి. నూటికి ఆరు పోతున్నాయి. కొన్ని షాపులోనే పోతాయి, కొన్ని ఖాతాదారు దగ్గరికి వెళ్లి తిరిగొస్తాయి. నెలకు 96 చొక్కాలు. ఖాళీ చొక్కా సగటున 110 రూపాయలు వేసుకుంటే 10,560 రూపాయలు. ఇంకు, కూలి, పోయిన మాట ఇందులో లేవు. "గుట్టలో పడేసినవి అంత ఉంటాయా?" అని యజమాని భార్య నిర్ఘాంతపోయారు. షాపు లెక్కలు చూసేది ఆమే. ఆమె దగ్గరున్న కొనుగోలు బిల్లులతో సరిచూసినా అంకె మారలేదు.

ఈ 96 ఎందుకు పోతున్నాయో విడదీశాం. దాదాపు నలభై రిజిస్ట్రేషన్ తేడాలు. ముప్ఫై అయిదు దాకా వేడి తప్పులు. పదిహేను పిన్‌హోళ్లు (స్క్రీను పూతలో పడే సూది చిల్లులు), ఇంకు మరకలు. మిగతావి రకరకాలు.

వేడి తప్పుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఇవి షాపులో కనిపించవు, పెళ్లయ్యాక బయటపడే అప్పుల్లా తరువాత వస్తాయి. మామూలు ప్లాస్టిసాల్ ఇంకు ఎండదు, వేడికి గట్టిపడుతుంది. పొర మొత్తం, అడుగున గుడ్డను పట్టుకున్న చోటుతో సహా, దాదాపు 160 డిగ్రీలకు చేరాలి. ఫ్లాష్ కింద పైపొర అంతకు మించి కాలుతుంది, అడుగుపొర చల్లగానే ఉంటుంది. ముట్టుకుంటే ఆరినట్టే అనిపిస్తుంది. రెండు ఉతుకుల తరువాత పగిలి ఊడిపోతుంది. లేజర్ థర్మామీటర్ గన్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది, అది చూపేది పైచర్మం వేడి మాత్రమే.

దీనికి ఎదురు తప్పు పాలిస్టర్ మీద జరుగుతుంది. ఫెస్టులకు ఇప్పుడు పిల్లలు అడిగేది ఎక్కువగా జెర్సీ గుడ్డే. ఎర్ర పాలిస్టర్ మీద తెలుపు వేసి ఫ్లాష్ కింద ఎక్కువసేపు ఉంచితే గుడ్డలోని రంగు ఆవిరై ఇంకులోకి ఎక్కుతుంది. సాయంత్రం తెల్లగా ఉన్న అక్షరం మూడోరోజుకు గులాబీ రంగులోకి తిరుగుతుంది. దానికి తక్కువ వేడికి క్యూర్ అయ్యే లో బ్లీడ్ ఇంకు కావాలి, ఆ వేడిని పది డిగ్రీలు అటూ ఇటూ పోకుండా పట్టి ఉంచే యంత్రమూ కావాలి. రెండో ఫ్లాష్ కొంటే మొదటి ఫ్లాష్ చేసే తప్పే రెండు చోట్ల జరుగుతుంది. యజమాని ప్రశ్నకు జవాబు అది.

పిన్‌హోళ్ల కథ వేరు. గుంటూరులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ చూస్తే ఎమల్షన్ (వెలుగు తగిలితే గట్టిపడే పూత) కోటింగ్ వేసిన స్క్రీను ఆరినట్టు కనిపించినా లోపల ఆరదు. తడి మిగిలిన ఎమల్షన్ ఎంత వెలుగు పెట్టినా సరిగా గట్టిపడదు. డెవలప్ చేసేటప్పుడు అంచులు కరుగుతాయి, పని మధ్యలో చిల్లులు పడతాయి. బాబాయ్ దీనికి చేస్తున్న వైద్యం ఎక్స్‌పోజింగ్ సమయం పెంచడం. దాంతో సన్న గీతలు మూసుకుపోతున్నాయి. పైగా ట్యూబులు పాతబడి వెలుగు తగ్గింది. అవి వెలుగుతున్నట్టే కనిపిస్తాయి, ఎమల్షన్‌కు కావలసిన కిరణాలు మాత్రం తగ్గిపోయి ఉంటాయి. వెలుగు సరిపోయిందో లేదో కొలిచే 21 మెట్ల స్కేలు పెట్టి చూస్తే ఏడో మెట్టు దగ్గర నిలవాల్సింది నాలుగు దాటలేదు.

స్టిక్కర్ల స్క్రీన్లకు ఇంకా పాత పద్ధతిలో బైక్రోమేట్ కలుపుతున్నారు. ఆ నారింజ రంగు నీళ్లు నేరుగా కాలువలోకి పోతున్నాయి. అది ఆరు వేలన్సీ ఉన్న క్రోమియం, క్యాన్సర్ కారకం, చేతి చర్మాన్ని కూడా తింటుంది. దీన్ని మాత్రం నేను లెక్కలతో నిమిత్తం లేకుండా ఆపించాను. ఫొటోపాలిమర్ ఎమల్షన్ కిలోకు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

డీటీఎఫ్ మాట

యజమాని మనసు అసలు దీని మీదే ఉంది. మన దగ్గర రెండు మూడేళ్లుగా ప్రతి వీధిలో డీటీఎఫ్ బోర్డులు లేచాయి. పది చొక్కాలకు పది రంగుల ఫొటో కావాలంటే స్క్రీను పనికిరాదు, నిజమే. ఫిల్ము మీద అచ్చువేసి, జిగురు పొడి చల్లి, కాల్చి, హీట్ ప్రెస్‌లో 150, 160 డిగ్రీల దగ్గర పది పదిహేను సెకన్లు నొక్కితే అయిపోతుంది.

కానీ ఆ ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉంటుంది. తెలుపు అంటే టైటానియం డయాక్సైడ్, బరువైన పొడి. కదపకపోతే అడుగుకు దిగుతుంది, గొట్టాల్లో పేరుకుంటుంది, ఇంకు చిమ్మే హెడ్డు మూసుకుపోతుంది. రోజూ పని ఉన్న చోట ఆ యంత్రం బంగారం. వారానికి రెండు రోజులు పని ఉన్న చోట మిగతా రోజులు ఇంకు కక్కించి శుభ్రం చేస్తూ కూర్చోవాలి. హెడ్డు మార్చాల్సివస్తే ఆ ఖర్చు చిన్న షాపును కుంగదీస్తుంది. ఈ షాపు పుస్తకంలో పాతిక చొక్కాలకు తక్కువైన, నాలుగు రంగులకు మించిన ఆర్డర్లు వెతికితే నెలకు అయిదారు మాత్రమే దొరికాయి. వదులుకున్నవాటిని కూడా కలిపితే పది. పదింటి కోసం 2,90,000 పెట్టడం నాకు సబబు అనిపించలేదు.

దానికి బదులు విజయవాడలో మీటరు లెక్కన డీటీఎఫ్ కొట్టి ఇచ్చేవాళ్లతో మాట్లాడుకున్నాం. ఉదయం ఫైలు పంపితే సాయంత్రానికి ఆర్టీసీ కార్గోలో రోల్ గుంటూరు చేరుతుంది. నొక్కడానికి హీట్ ప్రెస్ షాపులో ఎలాగూ ఉంది. లాభం కొంత తగ్గుతుంది, హెడ్డు గురించిన దిగులు మాత్రం వాళ్లది. నెలకు ముప్ఫై ఆర్డర్లు దాటిన రోజున ప్రింటర్ కొందాం అని పుస్తకంలో రాసి పెట్టుకున్నాం.

డ్రయ్యర్ ఎంపిక

కన్వేయర్ డ్రయ్యర్ కొనేవాళ్లు ముందు బెల్టు వెడల్పు అడుగుతారు. అడగాల్సింది వేడి గది పొడవు. మేం చూసినదానిలో వేడి గది అయిదు అడుగులు. ఈ షాపు వాడే ఇంకుకు, వేసే పొర మందానికి 75 సెకన్లు లోపల ఉండాలని పరీక్షలో తేలింది. అంటే బెల్టు నిమిషానికి నాలుగు అడుగులు నడవాలి. చేతులు మడిచి పరిచిన చొక్కా, మధ్య ఖాళీతో కలిపి, రెండు అడుగులు తీసుకుంటుంది. నిమిషానికి రెండు, గంటకు 120. ఫ్లాష్‌కు క్యూరింగ్ బాధ్యత తప్పి, జెల్ చేయడం ఒక్కటే మిగిలితే పాత రెండు స్టేషన్ల ప్రెస్ గంటకు 75 దాకా ఇవ్వగలదు. డ్రయ్యర్‌కు ఇంకా 45 చొక్కాల ఖాళీ ఉంటుంది. రేపు ప్రెస్ కొన్నా డ్రయ్యర్ మార్చక్కర్లేదు. మూడున్నర అడుగుల గదితో నలభై వేలు తక్కువకు ఇంకోటి వచ్చింది. దానిలో గంటకు 84 మాత్రమే వస్తాయి, అంటే ప్రెస్ కొన్న రోజునే అది మళ్లీ అడ్డం పడుతుంది.

తిరుప్పూరు నుంచి సెకండ్‌హ్యాండ్ డ్రయ్యర్ ఒకటి సగం ధరకు వచ్చింది. వీడియోలో బ్రహ్మాండంగా ఉంది. బెల్టు అడ్డంగా మూడు చోట్ల టెంపరేచర్ స్ట్రిప్పులు (ఎంత వేడి తగిలిందో చూపే పట్టీలు) అంటించి నడిపి ఫొటో పంపమన్నాను. నడుమ 165, ఒక అంచున 140 వచ్చింది. ఒక వైపు ప్యానెల్ చచ్చిపోయింది. టెఫ్లాన్ బెల్టు అంచులు కూడా చిరిగాయి. ఆ రెండూ మార్చి, లారీ కిరాయి కలిపితే కొత్తదానికి అయిదో వంతు మాత్రమే మిగిలేట్టుంది. వద్దన్నాం.

కొత్తదాన్ని కూడా గుడ్డిగా తీసుకోలేదు. తయారీదారు దగ్గరికి మన ఇంకు, మన చొక్కాలు పట్టుకెళ్లి అక్కడే అచ్చువేసి నడిపాం. ఇంకు పొరలో ప్రోబ్ పెట్టి చూస్తే 163 డిగ్రీలకు చేరింది. ఆ చొక్కాలను ఇంటి వాషింగ్ మెషిన్‌లో అయిదు సార్లు ఉతికాక మిగతా సొమ్ము కట్టాం. వేడి ప్యానెల్స్‌తో పాటు లోపల గాలి తిప్పే బ్లోయర్ ఉన్న మోడలే ఎంచుకున్నాం. ఇవాళ అక్కర్లేదు కానీ, పసిపిల్లల బట్టలవాళ్లు నీటి ఇంకు అడగడం మొదలైంది. నీటి ఇంకులో ముందు నీరు ఆవిరి కావాలి, గాలి కదలని గదిలో అది జరగదు. అయితే మే నెలలో గుంటూరు రేకుల షెడ్డులో నీటి ఇంకు మెష్‌లోనే ఆరిపోయి స్క్రీను మూసుకుపోతుంది కనుక, ఆ పని వర్షాలు పడ్డాకే మొదలుపెట్టమన్నాను.

ఒక హెచ్చరిక. డ్రయ్యర్ వచ్చిన ఉత్సాహంలో కుర్రవాళ్లు నాన్‌వోవెన్ సంచులు కూడా దాని మీద వేయబోయారు. నాన్‌వోవెన్ అంటే పాలీప్రొపిలీన్, 160 డిగ్రీల దాపులో కరుగుతుంది. పైగా సంచులకు వాడే ఇంకులో ద్రావకం ఉంటుంది. దాని ఆవిరి, ఎర్రగా కాలే ప్యానెల్ ఒకే గదిలో ఉండకూడదు. సంచులకు గాలే ఆరబెట్టే సాధనం. వాటి పని ఆగుతున్నది ఆరవేసే చోటు లేక. చక్రాల ర్యాకు ఒకటి చేయిస్తే ఆ సమస్య తీరింది. సంచుల వ్యాపారం కోసం అంతకు మించి పెట్టుబడి వద్దన్నాను. 2021 సెప్టెంబరు 30 నుంచి 60 జీఎస్‌ఎమ్‌కు (చదరపు మీటరుకు 60 గ్రాములకు) తక్కువ నాన్‌వోవెన్ సంచులు నిషేధం. దుకాణదారులు ఇంకా పలచనివే అడుగుతూ ధర బేరమాడుతున్నారు. అలాంటి చోట మిగులు ఉండదు, జరిమానా భయం మాత్రం ఉంటుంది.

స్క్రీన్ల వైపు పని తక్కువ డబ్బుతో జరిగింది. 20 అంగుళాలు, 24 అంగుళాల అల్యూమినియం ఫ్రేములు ఇరవై నాలుగు తెప్పించాం. తెలుపు అడుగుపొరకు 43టి (సెంటీమీటరుకు 43 దారాలు), మామూలు రంగులకు 61టి, చుక్కల బొమ్మలకు 90టి మెష్. ఎల్‌ఈడీ ఎక్స్‌పోజింగ్ యూనిట్, వాక్యూమ్ రబ్బరుతో సహా. ఎల్‌ఈడీ కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: దాని కిరణాలు 395 నుంచి 405 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, వాటికి ఫొటోపాలిమర్ వెంటనే స్పందిస్తుంది, ఒట్టి డయాజో రకం ఎమల్షన్ మందకొడిగా ఉంటుంది. పాత ఎమల్షన్ డబ్బాలు మిగిలిపోయాయని వాడితే కొత్త యంత్రం మీద అపనింద పడుతుంది. స్క్రీన్లు ఆరడానికి ప్లైవుడ్ బీరువా ఒకటి చేయించి, లోపల చిన్న డీహ్యూమిడిఫయర్, తేమ మీటరు పెట్టాం. తేమ 40 శాతానికి దిగాకే ఎక్స్‌పోజింగ్. ఆ మీటరు ఖరీదు కొన్ని వందల రూపాయలు. మొత్తం కొనుగోలులో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే అంటాను.

పాత ప్రెస్‌ను వదిలేయలేదు. చేతులు విప్పి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేయించి కొత్త ఇత్తడి బుష్‌లు వేయించాం, మైక్రో రిజిస్ట్రేషన్ మరలు బిగించాం. ఖర్చు 14,500. కొత్త ప్రెస్ ధరలో పదో వంతు కూడా కాదు. స్క్వీజీ రబ్బర్ల అంచులు గుండ్రమైపోయి ఉంటే అవీ మార్చాం. ఆ రోజు సాయంత్రం బాబాయ్ ఒక చొక్కా అచ్చువేసి, వెలుగులో తిప్పి చూసి, "ఇన్నాళ్లూ నా చెయ్యే వణుకుతోందనుకున్నాను" అన్నారు.

కరెంటు, పన్ను, అప్పు

డ్రయ్యర్ తొమ్మిది కిలోవాట్లు. సింగిల్ ఫేజ్ మీద అయితే 39 ఆంపియర్లు లాగుతుంది, షాపు కనెక్షన్ అయిదు కిలోవాట్లే. త్రీ ఫేజ్‌కు మారితే ఫేజుకు పదమూడు ఆంపియర్లు. విద్యుత్ పంపిణీ సంస్థకు లోడు పెంచమని దరఖాస్తు పెట్టడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. డ్రయ్యర్ లారీ దిగి, మీటరు మాత్రం రాక, యంత్రం మీద గుడ్డ కప్పుకుని కూర్చున్న షాపులు నాకు తెలుసు. ఇక్కడ డిపాజిట్ కట్టి, కొత్త ప్యానెల్ బోర్డు, ఎర్తింగ్ పూర్తయ్యాకే డ్రయ్యర్‌కు అడ్వాన్సు ఇచ్చాం. నడిచేటప్పుడు థర్మోస్టాట్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కనుక గంటకు సుమారు 5.4 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా గంటకు 43 రూపాయలు, చొక్కాకు అరవై పైసల లోపు. లోడు పెరిగినందుకు నెలనెలా పడే ఫిక్స్‌డ్ చార్జీని మాత్రం మరిచిపోకూడదు. పని లేని నెలలో కూడా అది వస్తుంది. అన్నీ కలిపి నెలకు మూడు వేలు పెరుగుతుందని వేసుకున్నాం.

ప్యానెల్ బోర్డును మూడున్నర అడుగుల ఎత్తున బిగించాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడి చిన్న యూనిట్లలో మోటార్లు, బోర్డులు ఎలా పాడయ్యాయో చూసినవాళ్లకు దీని అవసరం వేరే చెప్పక్కర్లేదు.

పన్ను దగ్గర ఒక చిక్కు ఉంది. షాపు జీఎస్టీ కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారాలు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉండేది. ఆ పద్ధతిలో యంత్రం మీద కట్టిన 18 శాతం వెనక్కి రాదు, ఖాతాదారుకు పన్ను ఇన్‌వాయిస్ ఇవ్వడానికీ వీలుండదు. ఆడిటర్‌తో కూర్చుని, యంత్రం కొనకముందే సాధారణ పద్ధతికి మారారు. డ్రయ్యర్, ఎక్స్‌పోజింగ్ యూనిట్ రెండింటి మీదే 43,740 రూపాయలు క్రెడిట్‌గా చేతికొచ్చింది. కంపెనీల ఆర్డర్లకు ఇన్‌వాయిస్ ఇవ్వగలగడం అదనపు లాభం. నెలనెలా రిటర్నుల శ్రమ పెరిగిందని యజమాని భార్య విసుక్కుంటున్నారు, అదీ నిజమే.

మొత్తం ఖర్చు ఇలా తేలింది. డ్రయ్యర్ పన్నుతో 2,30,100. వైరింగ్, ప్యానెల్, పొగ బయటికి పోయే గొట్టం 34,000. ఎక్స్‌పోజింగ్ యూనిట్ 56,640. ఫ్రేములు 27,600. బీరువా, డీహ్యూమిడిఫయర్ 19,000. ప్రెస్ మరమ్మతు 14,500. స్క్వీజీలు, స్ట్రిప్పులు, ప్రోబ్, ర్యాకు 16,000. కలిపితే 3,97,840. మిగిలిన 77 వేలను చొక్కాల కొనుగోలుకే ఉంచి, వేరే దేనికీ కదిలించవద్దని గట్టిగా చెప్పాను. యంత్రం కొని, ఖాళీ చొక్కాలు తేవడానికి వడ్డీకి తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ 77 వేలు పేరుకు షాపుదే కానీ అవసరానికి ఉంచిన డబ్బు.

బ్యాంకు అప్పు ముద్ర పథకంలో కిశోర్ విభాగం కింద వచ్చింది. అందులో 50 వేల పైన, అయిదు లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. మూడు లక్షలు, 11 శాతం వడ్డీ, 36 నెలలు: నెలకు 9,822 రూపాయలు. పాడయ్యే చొక్కాల ఖర్చు 10,560 కదా, అప్పు దానంతట అదే తీరిపోతుంది అని యజమాని సంబరపడ్డారు. అంత సులువు కాదు. పాడవడం సున్నా కాదు. నూటికి రెండుకు దిగితే ఆదా నెలకు ఏడు వేల పైచిలుకు. అందులో కరెంటు మూడు వేలు తీసేస్తే నాలుగు వేల పైచిలుకు. మిగతా దాదాపు అయిదు వేల ఎనిమిది వందలు కొత్త పని మీద సంపాదించాలి. చొక్కాకు అన్ని ఖర్చులూ పోను 22 రూపాయలు మిగులుతుంది కనుక, నెలకు అదనంగా దాదాపు 263 చొక్కాలు అచ్చు వేయాలి. ఆర్డర్లు వదులుకుంటున్న షాపుకు ఇది అందే అంకె. డీటీఎఫ్, ప్రెస్ రెండూ కొని ఉంటే ఫ్లాష్ దగ్గర పని అలాగే ఆగుతుంది కనుక ఇదే లెక్కకు ఆధారం ఉండేది కాదు.

ఈ లెక్క వేసేటప్పుడు ఎన్నికల మాట రెండు మూడు సార్లు వచ్చింది. 2024 మే 13న రాష్ట్రంలో అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ ఒకే రోజు జరిగింది. దానికి ముందు ఈ షాపు రాత్రింబవళ్లు కండువాలు, టోపీలు, చొక్కాలు కొట్టింది. ఆ రోజులు తలచుకుని పెద్ద యంత్రం వైపు మనసు లాగుతుంది. అయిదేళ్లకోసారి వచ్చే వరద కోసం నెలనెలా వాయిదా కట్టలేం. ఆ సీజన్లో వచ్చిన బిల్లుల్లో కొన్ని ఇంకా వసూలు కాలేదన్న సంగతి యజమాని భార్య పుస్తకంలో ఉంది, ఆయన జ్ఞాపకంలో లేదు.

ఆరు నెలల తరువాత

గంటకు 35 వచ్చేచోట 62, 65 వస్తున్నాయి. నేను వేసిన 75 రాలేదు. చొక్కాలు అందించే కుర్రవాడు, డ్రయ్యర్ చివర మడతపెట్టే మనిషి ఇద్దరూ ఉన్నప్పుడే 70 దాటుతోంది. యజమాని మడతకు ఇంకో మనిషిని పెట్టడానికి ఇంకా వెనకాడుతున్నారు. పాడయ్యేవి నూటికి రెండు లోపే. పాలిస్టర్ ఆర్డర్లను ఇప్పుడు ధైర్యంగా తీసుకుంటున్నారు. నెల సగటు 2,100 దాటింది, జూన్, డిసెంబరు నెలల్లో ఇంకా ఎక్కువ.

అన్నీ బాగున్నాయని కాదు. షెడ్డులో వేడి పెరిగింది. పొగ గొట్టం పెట్టినా మే నెల మధ్యాహ్నాలు పని చేయలేక ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదకొండుకు ఆపి, సాయంత్రం మళ్లీ నడుపుతున్నారు. రేకుల పైన తెల్ల పూత వేయించమని చెప్పాను, ఇంటి యజమాని అనుమతి రావాలి. డీటీఎఫ్ ఆర్డర్లు నెలకు పద్నాలుగు దాకా పెరిగాయి, ముప్ఫైకి ఇంకా దూరం.

ప్రెస్ కొటేషన్ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి ఆరు రంగులది కాదు, నాలుగు రంగుల నాలుగు స్టేషన్లది. డీటీఎఫ్‌కు పోయే చిన్న ఆర్డర్లు కాక, ఆర్డర్ పుస్తకంలో అయిదు రంగుల పని సంవత్సరానికి మూడు నాలుగు మాత్రమే ఉంది, ఆపై రెండు చేతులకు డబ్బు పెట్టడం దండగ. వరుసగా మూడు నెలలు డ్రయ్యర్ రోజుకు ఆరు గంటలకు మించి నడిస్తే, మడతకు మనిషి వచ్చి ఉంటే, అప్పుడు అడ్వాన్సు ఇవ్వాలని అనుకున్నాం. డ్రయ్యర్ నడిచిన గంటలు రాయడానికి ప్యానెల్ పక్కన ఒక పుస్తకం వేలాడదీశారు. ప్రస్తుతం రోజు సగటు నాలుగున్నర గంటలు.